ఊపిరి లెక్క

మిరపకోతల రోజుల్లో గుంటూరు వెళ్తే ఊపిరి సంగతి ఎవరూ మనకి గుర్తు చేయక్కర్లేదు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఆటో నడిపే అతను కూడా కండువా తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంటాడు. మొన్న ఫిబ్రవరిలో అలాంటి ఒక మధ్యాహ్నం మా పిన్ని కూతుర్ని చూడ్డానికి వెళ్ళాను. తను అక్కడొక కాలేజీలో బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ నాన్న పర్చూరు పక్కన రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తాడు. కాయ ధర పలికితే ఫీజు కట్టడం తేలిక, లేకపోతే అప్పు.

టీ తాగుతూ, "మొన్న మాకు మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ పెట్టారక్కా" అంది. నైట్ డ్యూటీ దిగి రెండు గంటలు పడుకున్నారో లేదో, అందర్నీ లేపి సెమినార్ హాల్లో కూర్చోబెట్టారట.

"కళ్ళు మూసుకుని మీ ఊపిరి మీరు గమనించుకోండి అన్నారు. నేను గమనించా. లెక్కపెట్టా కూడా. పద్దెనిమిది వచ్చింది. నార్మలే గదా అనుకుని నిద్రపోయా."

"లెక్కపెట్టమన్లేదు గదే, గమనించమన్నారు."

"మాకు ఊపిరంటే లెక్కే గదక్కా!"

అప్పుడు చెప్పింది, మొదటి సంవత్సరంలోనే వాళ్ళకి నేర్పే ఒక చిన్న కిటుకు. రోగి ఊపిరి లెక్కపెడుతున్నట్టు రోగికి తెలియకూడదు. తెలిస్తే ఊపిరి మారిపోతుంది. అందుకని ముందు నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుంటారు. నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదలరు. అలాగే పట్టుకుని, ఛాతీ లేవడం పడటం ఓరకంట చూస్తూ ఒక నిమిషం లెక్కపెడతారు. పెద్దవాళ్ళకైతే 12 నుంచి 20 లోపు ఉండాలి.

హైదరాబాద్ బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆ మణికట్టే గుర్తొచ్చింది. ఇంకొకరి ఊపిరిని అంత శ్రద్ధగా చూడటం వచ్చిన పిల్లకి, నీ ఊపిరి నువ్వు చూసుకోవడం నేర్పుతామంటున్నారు. మంచిదే. కానీ ఆ నేర్పే విద్య ఎక్కడిది? ఎక్కడ బయల్దేరి, ఏ దారిన తిరిగి, గుంటూరు సెమినార్ హాల్‌కి వచ్చింది? వచ్చే దారిలో ఏమన్నా జారవిడుచుకుందా? ఈ వ్యాసం అందుకోసమే.

*

మైండ్‌ఫుల్‌నెస్ అన్న మాట ఇంగ్లీషులో ముందునుంచీ ఉన్నదే. ఇప్పుడు మనం వాడే అర్థం దానికి పట్టించింది రీస్ డేవిడ్స్. ఆయన సిలోన్‌లో బ్రిటిష్ ప్రభుత్వ ఉద్యోగిగా పనిచేస్తూ పాలీ నేర్చుకున్నాడు. 1881లో బౌద్ధ సుత్తాలను అనువదిస్తూ 'సతి' అనే పాలీ మాటకి ఈ మాట వాడాడు. సతి అంటే సంస్కృతంలో స్మృతి. జ్ఞాపకం అనే అర్థం ఒకటి, ఎరుక అనే అర్థం ఒకటి. చేస్తున్న పనిని మరిచిపోకుండా ఉండటం అనుకోవచ్చు.

దాదాపు వందేళ్ళ తర్వాత, 1979లో, అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబట్-జిన్ అనే ఆయన ఒక మెడికల్ స్కూల్‌లో ఒత్తిడి తగ్గించే క్లినిక్ పెట్టాడు. మందులతో తగ్గని దీర్ఘకాలపు నొప్పులున్న రోగులకి కొన్ని వారాల శిక్షణ ఇచ్చాడు. బౌద్ధం పేరెత్తకుండా, ఆసుపత్రిలో ఇమిడేలా దాన్ని మలిచాడు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అది మొదలైంది రోగుల కోసం. రోగుల్ని చూసుకునేవాళ్ళకి, ఆ తర్వాత విద్యార్థులకి, ఉద్యోగులకి, సైనికులకి పాకింది తర్వాతే.

ఇంకో దారి బర్మా నుంచి వచ్చింది. ఊ బా ఖిన్ దగ్గర విపశ్యన నేర్చుకున్న ఎస్.ఎన్. గోయంకా 1969లో భారతదేశం వచ్చి శిబిరాలు మొదలుపెట్టాడు. 1976లోనే హైదరాబాద్‌లో ధమ్మఖేత్త కేంద్రం వచ్చింది. నాగార్జునసాగర్ దగ్గరా ఒకటుంది.

విచిత్రం ఏంటంటే, బర్మా నుంచో బోస్టన్ వైపు నుంచో ఇది మళ్ళీ వచ్చిన నేల, దానికి పాత పుట్టిల్లే. గుంటూరు నుంచి అమరావతి ఎంత దూరం? గంట ప్రయాణం. తెనాలి దాటి రేపల్లె రోడ్డున వెళ్తే భట్టిప్రోలు. అక్కడి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రే బయటపెట్టిన ధాతు కరండాల మీద, దక్షిణాదిలో దొరికిన అతి పాత బ్రాహ్మీ రాతల్లో కొన్ని ఉన్నాయి. పల్నాడులో నాగార్జునకొండ. నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకి రాశాడని చెప్పే 'సుహృల్లేఖ' అనే ఉత్తరంలో, శరీరం పట్ల ఎరుకే నడవాల్సిన దారి అన్న బుద్ధుడి మాటని రాజుకి గుర్తుచేస్తాడు. మిరప రాకముందు ఈ నేలలో పండిన పంటల్లో ఎరుక ఒకటి.

*

అయితే నేను వెతికింది ధ్యానం ఒక్కదాని కోసం కాదు. ధ్యానానికీ రోగి సేవకీ పాత రోజుల్లో ఏమిటి సంబంధం అని.

వినయపిటకంలో, మహావగ్గలో, ఒక కథ ఉంది. ఒక భిక్షువుకి విరేచనాలు పట్టుకున్నాయి. లేవలేక, తన మలంలోనే పడున్నాడు. విహారంలో తిరుగుతున్న బుద్ధుడు చూశాడు. నీకు చేసేవాళ్ళు ఎవరూ లేరా అని అడిగాడు. లేరన్నాడు. ఎందుకు? ఆ భిక్షువు మిగతావాళ్ళకి ఏ పనీ చేసిపెట్టేవాడు కాదట, అందుకని వాళ్ళూ పట్టించుకోలేదు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. బుద్ధుడు నీళ్ళు పోస్తే ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాత భిక్షువులందర్నీ పిలిచి చెప్పిన మాటల సారాంశం ఇది: మీకు చూసుకోడానికి అమ్మా లేదు, నాన్నా లేడు. ఒకరికొకరు చేసుకోకపోతే ఇంకెవరు చేస్తారు? నాకు సేవ చేయాలనుకునేవాళ్ళు రోగికి చేయండి.

అక్కడితో ఆగితే అది ఒక నీతికథ అయ్యేది. ఆగలేదు. రూల్ పెట్టాడు. శిష్యుడికి జబ్బు చేస్తే గురువు చూసుకోవాలి, తగ్గేదాకా. గురువుకి చేస్తే శిష్యుడు. ఎవరూ లేకపోతే సంఘం మొత్తం బాధ్యత తీసుకోవాలి. తీసుకోకపోతే అది సంఘం తప్పు. తర్వాత రోగికి సేవ చేసేవాళ్ళకి ఉండాల్సిన లక్షణాలు చెప్పాడు. మందు తయారుచేయడం రావాలి. రోగికి ఏది పడుతుందో ఏది పడదో తెలియాలి. లాభం కోసం కాక ప్రేమతో చేయాలి. మలమూత్రాలు, ఉమ్ము, వాంతి ఎత్తడానికి అసహ్యించుకోకూడదు. మంచి మాటలతో రోగికి ధైర్యం చెప్పగలగాలి. పనిలో పనిగా, సేవ చేయించుకోవడం రాని రోగి లక్షణాలు కూడా చెప్పాడు. మందు వేసుకోడు, జబ్బు గురించి నిజం చెప్పడు, తినకూడనిది తింటాడు. ఇది చెల్లికి ఫోన్‌లో చదివి వినిపిస్తే పకపకా నవ్వింది. "ఆయన మా మేల్ మెడికల్ వార్డుకి ఎప్పుడొచ్చాడక్కా?"

ఇది కథ మాత్రమే కాదు, ఈ నేల మీద ఆచరణలోనూ ఉందనడానికి ఒక చిన్న ఆనవాలు ఉంది. నాగార్జునకొండలో దొరికిన ఒక శాసన భాగంలో 'విగతజ్వరాలయం' అనే మాట కనిపిస్తుంది. విహారంలో జ్వరాల నుంచి కోలుకునేవాళ్ళ కోసం ఉన్న చోటు అని పండితులు చెప్తారు. ఇక్ష్వాకుల కాలం, అంటే మూడో శతాబ్దం మాట. ఆ లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది.

ఇంకో వెయ్యేళ్ళు ముందుకి రండి. బౌద్ధం పోయింది, శైవం వచ్చింది. ఇప్పుడు రాష్ట్ర సచివాలయం ఉన్న వెలగపూడి, దాని పక్కన మందడం, మల్కాపురం. ఆ మల్కాపురంలో 1261 నాటి శాసన స్తంభం ఉంది. కాకతీయ గణపతిదేవుడు మందర గ్రామాన్ని, ఆయన కూతురు రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శివాచార్యుడికి దానం చేశారు. ఆయన వచ్చిన ఆదాయాన్ని భాగాలు చేసి దేనికెంతో రాయించాడు. ఒక భాగంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం. ఇంకో భాగం విద్యార్థులకి. వైద్యుడికి ఏర్పాటు ఉంది. ఆసుపత్రి నడవాలంటే దయ చాలదు, భూమి కావాలి, జీతం కావాలి అని ఆ రాయి మీద లెక్క కట్టి ఉంది. ఈ లెక్క చెప్పడానికి ఎవరూ మొహమాటపడలేదు.

*

ఇప్పటి నర్సింగ్ అయితే ఆ రాయి నుంచి నేరుగా రాలేదు. అది ఓడ ఎక్కి వచ్చింది. 1860లో లండన్‌లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరున మొదలైన శిక్షణాలయం ఆ పనికి ఒక చదువు, ఒక యూనిఫాం, ఒక క్రమశిక్షణ ఇచ్చింది. మన దగ్గరికి దాన్ని మోసుకొచ్చింది మిషనరీలు.

1883లో గుంటూరుకి అనా శారా కూగ్లర్ అనే 27 ఏళ్ళ అమెరికన్ వైద్యురాలు వచ్చింది. పెన్సిల్వేనియాలో ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో చదివింది. ఇక్కడికి రాకముందు నోరిస్‌టౌన్‌లో మానసిక రోగుల ఆసుపత్రిలో ఆడవాళ్ళ విభాగంలో పనిచేసింది. లూథరన్ మిషన్ ఆమెని మొదట పంపింది డాక్టరుగా కాదు, ఇళ్ళలో ఆడవాళ్ళకి చదువు చెప్పే పనికి. వైద్యం చేయకుండా ఉండలేకపోయింది. ముందు డిస్పెన్సరీ, తర్వాత 1898 నాటికి ఆసుపత్రి. ఇప్పటికీ గుంటూరులో అది కూగ్లర్ ఆసుపత్రే. 1930లో ఇక్కడే చనిపోయింది.

డాక్టరమ్మ ఒక్కతే ఆసుపత్రి నడపలేదు. 1890ల్లో కేథరిన్ ఫాస్ అనే శిక్షణ పొందిన నర్సు అమెరికా నుంచి వచ్చి తోడైంది. ఇక్కడి అమ్మాయిలకి నర్సింగ్ నేర్పడం మొదలైంది. ఎవరా అమ్మాయిలు? తెలుగు జిల్లాల్లో మొదటి తరాల నర్సుల్లో ఎక్కువమంది మిషన్ బడుల్లో చదువుకున్న క్రైస్తవ అమ్మాయిలు. వాళ్ళలో చాలామంది దళిత కుటుంబాల నుంచి వచ్చారు. ఊళ్ళో ఎవరి నీడ పడితే స్నానం చేసేవాళ్ళో, జ్వరమొస్తే వాళ్ళ చేతుల మీదే నుదురు పెట్టాల్సి వచ్చింది. పరాయి మగాళ్ళని ముట్టుకుంటారు, రాత్రిళ్ళు బయటుంటారు అనే నింద కూడా ఆ చేతుల మీదే పడింది. ఆ నింద పూర్తిగా పోయిందని నేను అనుకోను. చెల్లి సీటు వచ్చినప్పుడు మా బంధువొకాయన, "నర్సా? పెళ్ళికి కష్టమవుద్దేమో" అన్నాడు. ఆయనకి బైపాస్ అయినప్పుడు పదకొండు రోజులు చేసింది ఎవరో ఆయనకి గుర్తులేదు.

మిషన్ ఆసుపత్రుల్లో పొద్దున్నే ప్రార్థన ఉండేది. అప్పట్లో నర్సు మనసుకి దొరికిన ఊతం అదీ, హాస్టల్ గదిలో పక్క మంచం మీది స్నేహితురాలూ. నర్సు మనసు గురించి ఆ కాలం మాట్లాడిన మాట 'శీలం'. ఓర్పు, విధేయత, త్యాగం. ఆ అమ్మాయి ఎలా ఉంది అనేది ప్రశ్న కాదు, ఎలా ఉండాలి అనేదే ప్రశ్న.

సంఖ్యల మాటకొస్తే, 1946లో వచ్చిన భోర్ కమిటీ నివేదిక లెక్క కట్టింది. నాటి బ్రిటిష్ ఇండియాలో 43,000 మందికి ఒక నర్సు. అదే ఏడాది ఢిల్లీలో, వెల్లూరులో నర్సింగ్‌లో డిగ్రీ చదువు మొదలైంది. అదే ఏడాది గుంటూరులో మెడికల్ కాలేజీ పెట్టారు. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ తర్వాత ప్రైవేటు కాలేజీలు వీధికొకటి లేచాయి. ఇవాళ మిరప చేలు, పత్తి చేలు ఉన్న ప్రతి ఊళ్ళో ఒక నర్సింగ్ పిల్ల ఉంది. కేరళ అమ్మాయిల్లా గల్ఫ్‌కో, జర్మనీకో వెళ్ళాలని ఆ పిల్ల ఆశ. ఇంట్లో అప్పు తీరాలని ఇంట్లోవాళ్ళ ఆశ.

*

రెండోసారి వెళ్ళినప్పుడు చెల్లి స్నేహితురాళ్ళు నలుగురితో కూర్చున్నాను. ఇది సర్వే కాదు. బజ్జీలు తింటూ మాట్లాడుకున్నాం, అంతే. మైండ్‌ఫుల్‌నెస్ గురించి మీరేమనుకుంటున్నారు అని అడిగాను.

ఒకమ్మాయి నిజంగా బాగుందంది. మొదటిసారి క్యానులా పెట్టేటప్పుడు చేతులు వణికితే, మూడుసార్లు ఊపిరి గమనించుకుని పెట్టిందట. వైవా ముందు కూడా పనికొచ్చిందట. ఇంకో అమ్మాయి చర్చికి వెళ్తుంది. ఇది వేరే మతం ప్రార్థనేమో అని మొదట ఇంట్లో చెప్పలేదు. తర్వాత అలవాటైంది. ప్రార్థనలో మాట్లాడతాను, ఇందులో ఊరుకుంటాను, అంతే తేడా అంది. మూడో అమ్మాయికి కళ్ళు మూసుకోవడమే ఇష్టం లేదు. కారణం అడిగితే కాసేపు ఏం చెప్పలేదు.

తర్వాత చెప్పింది. క్యాజువాలిటీ పోస్టింగ్‌లో ఒక రాత్రి, తన వయసే ఉన్న కుర్రాడు. మందు తాగి వచ్చాడు. మా వైపు 'మందు' అంటే మూడు అర్థాలు: జబ్బుకి వేసుకునేది, సారా, పురుగుమందు. ఏ మందో చెప్పక్కర్లేదు, వాసనకే తెలిసిపోతుంది. అట్రోపిన్ ఇస్తూ, కంటిపాప చూస్తూ, ఊపిరి లెక్కపెడుతూ తెల్లారేదాకా ఆ మంచం దగ్గరే ఉంది. పొద్దున ఏడింటికి డ్యూటీ దిగింది. సాయంత్రం వెళ్తే మంచం ఖాళీ.

"కళ్ళు మూసుకుని ఊపిరి చూసుకోమంటే నాకు వాడి ఊపిరే కనపడుద్ది మేడమ్" అంది. "సెషన్ చెప్పినామెకి ఈ మాట చెప్దామనుకున్నా. టైమ్ అయిపోయింది."

పత్తి నేల కథ తెలిసినవాళ్ళకి ఆ మంచం కొత్త కాదు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో రైతులు అదే మందు తాగారు. రైతు ఆత్మహత్యలు అనే మాట తెలుగు పేపర్లలో పతాక శీర్షికకి ఎక్కింది అప్పుడే. ఆ చావుల గురించి నివేదికలు వచ్చాయి, కథలు వచ్చాయి. ఆ రాత్రుల్లో మంచం పక్కన నిలబడిన నర్సింగ్ విద్యార్థులు ఇప్పుడు రిటైర్మెంట్ వయసులో ఉండి ఉంటారు. వాళ్ళకి ఎలా నిద్రపట్టిందో అడిగి రాసుకున్న పుస్తకం నా కంట పడలేదు.

నాలుగో అమ్మాయి సూటిగా చెప్పింది. "బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని మా టెక్స్ట్‌బుక్‌లో ఉంది. కౌన్సిల్ రూల్ అది. పరీక్షలో రాస్తే మార్కులేస్తారు. వార్డులో మాత్రం మేం స్టూడెంట్లం స్టాఫ్ లెక్కలో నడుస్తాం. ఊపిరి చూసుకోడానికి మాకేం కష్టం లేదు. ఊపిరి తీసుకోడానికే టైం లేదు."

*

నేను మైండ్‌ఫుల్‌నెస్‌కి వ్యతిరేకిని కాదు. చేతులు వణికిన అమ్మాయికి అది పనికొచ్చింది. నర్సింగ్ విద్యార్థుల మీద ప్రపంచంలో చాలాచోట్ల చేసిన అధ్యయనాలు కూడా మొత్తమ్మీద అదే చెప్తాయి: ఒత్తిడి, ఆందోళన కొంత తగ్గుతాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం కొద్దిమంది మీద, కొద్ది వారాల పాటు చేసినవి.

నా పేచీ వేరే. పాత పుస్తకంలో ఎరుకా సంఘమూ కలిసే ఉన్నాయి. నీ ఊపిరిని గమనించు అని చెప్పిన నోరే, రోగిని ఒంటరిగా వదిలేస్తే తప్పు మీ అందరిదీ అని కూడా చెప్పింది. గురువు శిష్యుడి మంచం పక్కన కూర్చోవాలని రూల్ పెట్టింది. మల్కాపురం రాయి అయితే ఎరుక ఊసెత్తలేదు గానీ ఖర్చు ఊసెత్తింది. మన సెమినార్ హాల్‌కి చేరేసరికి ఎరుక ఒక్కటే మిగిలింది. సంఘమూ లేదు, ఖర్చూ లేదు. అలసిపోయిన పిల్లకి, నీ అలసటని నువ్వే గమనించుకో అని చెప్పడం చౌక. ఇంకో ఇద్దరు నర్సుల్ని వేయడం ఖరీదు.

ఇంకోటి. సతిపట్ఠాన సుత్తం చెప్పే నాలుగింటిలో శరీరం తర్వాత వచ్చేది వేదన. బాధ కలిగితే బాధ కలిగిందని స్పష్టంగా తెలుసుకోవడం. చివరిదైన ధమ్మాల్లో, బాధ ఎందుకు పుట్టిందో చూడటం కూడా ఉంది. ఆ లెక్కన నాలుగో అమ్మాయి వాదిస్తోందని, సెషన్ చెడగొడుతోందని అనుకోనక్కర్లేదు. ఆమె చేస్తున్నది సగంలో ఆపకుండా చివరిదాకా చేసిన ఎరుక. బాధ ఉంది. దానికి కారణం ఉంది. ఆ కారణం ఆమె ముక్కుపుటాల్లో లేదు, డ్యూటీ చార్టులో ఉంది.

నూట పాతికేళ్ళుగా ఈ మైదానంలో అమ్మాయిలు నర్సింగ్ నేర్చుకుంటున్నారు. వాళ్ళ ఓర్పు గురించి ప్రసంగాలు బోలెడు విన్నాం. వాళ్ళ అభిప్రాయం అడగడమే కొత్త. అడిగితే పని పెరుగుతుందని భయం కావచ్చు.

చెల్లి ఆ సెషన్ చివర ఇచ్చిన ఫీడ్‌బ్యాక్ కాగితం ఫొటో నాకు పంపింది. ఒకే ప్రశ్న: ఇప్పుడు మీకెలా అనిపిస్తోంది? కింద ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా అయిదు బొమ్మలు. రాయడానికి గీత లేదు. చెల్లి నాలుగో బొమ్మకి టిక్ పెట్టి, పక్కన అంచు మీద పెన్సిల్‌తో చిన్నగా రాసింది: 'పడుకోనిస్తే ఐదోది.'

"ఎవరన్నా చదివారా?" అని అడిగాను.

"ఏమోనక్కా. కట్ట కట్టి తీసుకుపోయారు" అంది. ఆ రాత్రి మళ్ళీ డ్యూటీ ఉంది, ఫోన్ పెట్టేసింది.